ఎదురుకాళ్ళ మనిషి

పద్నాలుగో భాగం

పోయినవారం మనం ఆ ముగ్గురినీ ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సెక్కించి వదిలాం. కిటికీ పక్కన బడిపంతులమ్మ జెస్సికా, ఆమెను ఆనుకుని తోడికోడలు లూదియా, సీటు దొరక్క వెనకాల రాడ్డు పట్టుకుని నిలబడ్డ జెస్సికా భర్త జయప్రకాష్. జెస్సికా నడుము పట్టేసి మూడు వారాలైంది. నొప్పి నడుములో ఆగలేదు. పిరుదులోంచి తొడలోకి, తొడలోంచి ఎడమ పిక్కలోకి, అక్కణ్ణించి చిటికెన వేలిదాకా కాలిన తీగ లాగినట్టు దిగింది. నరం నొక్కుకుపోతోందేమో, స్కానింగ్ తీయించండి అన్నాడు ఎముకల డాక్టరు. ఆ ఇంట్లో స్కానింగ్ అంటే ఆపరేషన్, ఆపరేషన్ అంటే మంచం. మామ శాంతయ్య నడుముకు కోయించుకుని వచ్చి, పోయేదాకా మళ్ళీ మంచం దిగలేదు మరి.

అందుకని, కత్తి పెట్టకుండా వట్టి చేతులతోనే వెన్నుపూసలు సర్దే కైరోప్రాక్టిక్ డాక్టరమ్మ నంద్యాలలో ఉందని తెలియగానే అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఆ కబురు ఇంటికి తెచ్చింది లూదియా. ఫోన్లో వీడియోలు చూపించింది లూదియా. స్కానింగ్ వద్దు, ముందు ఈమె దగ్గరికే పోదామని పట్టుబట్టిందీ లూదియానే.

ఎందుకు పట్టుబట్టిందో మనకు తెలుసు. లూదియా ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి. తలకు బదులు పాదాలు ముందుపెట్టి భూమ్మీదికి వచ్చినవాళ్ళు కాలితో తొక్కితే నడుము పట్టు విడిచిపోతుందని ఆ చుట్టుపక్కల నమ్మకం. ఆమె కాపురానికొచ్చిన కొత్తలోనే ఈ సంగతి వీధంతా పాకింది. నాట్లేసి నడుము పట్టేసినవాళ్ళు, బిందె ఎత్తబోయి వంగినట్టే ఉండిపోయినవాళ్ళు వచ్చి గడప ముందు బోర్లా పడుకునేవాళ్ళు. లూదియా ఎడమకాలి మడమతో మూడుసార్లు రాసి "లెయ్ ఇంగ" అనేది. లేచి పోయేవాళ్ళు. ఒక ఆదివారం పాస్టరు గారు పేరు పెట్టకుండానే, విశ్వాసులకు ఈ తొక్కుళ్ళు ఏమిటని ప్రసంగంలో అడిగాడు. అప్పటికే లూదియా స్త్రీల సమాజానికి కార్యదర్శి. సిగ్గుతో చచ్చిపోయి మానేసింది. అంటే, వీధి తలుపు వైపు మానేసింది. పెరటి తలుపు వైపు వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు.

జెస్సికా కూడా అలాగే బోర్లా పడుకుంది. నంద్యాలలో అద్దెకు తీసుకున్న ఇంటికి సామాను సర్దుతూ, అటక మీది ట్రంకుపెట్టె దించబోయి నడుము పట్టేయించుకుంది. మర్నాడు ఆదివారం. ఇంట్లో తోడికోడళ్ళిద్దరే మిగిలారు, మిగతావాళ్ళు చర్చికి పోయారు. వాళ్ళు పోగానే ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నంద్యాలకు ప్రవళికను కూడా తీసుకుపోతున్నామని జెస్సికా అంది. ప్రవళిక జెస్సికా కూతురే. కానీ దానికి జడలు వేసింది, జ్వరమొస్తే ఒళ్ళో వేసుకు కూర్చుంది, పలక మీద చేయి పట్టి దిద్దించింది పిల్లల్లేని లూదియా. "కన్నది నేను గదక్కా" అంది జెస్సికా. మెల్లగానే అంది. కాసేపటికి అదే నోటితో "పానం పోతాందక్కా, రవ్వంత తొక్కు" అని పిలిచింది.

మడమతో రాస్తే తగ్గలేదు. "ఎక్కి తొక్కు" అంది జెస్సికా. లూదియా ఎక్కింది. గోడ పట్టుకుని, రెండు పాదాలూ మోపి నిలబడింది. ఆ బరువులో ఒంటిదెంతో కోపానిదెంతో ఆ రోజు నుంచీ తూచుకుంటూనే ఉంది. స్కానింగ్ ఫొటోలో తన పాదాల అచ్చు పడుతుందని భయపడేంత చదువురానిది కాదు లూదియా, పదో తరగతి ప్యాసైంది. అయినా భయపడింది.

ఇదీ బస్సెక్కేనాటికి సంగతి.

శిరివెళ్ళ దగ్గర స్పీడు బ్రేకరు మీద బస్సు ఎగిరి పడింది. జెస్సికా కెవ్వుమనలేదు. లూదియా మణికట్టు పట్టుకుని, గోళ్ళు దిగేలా నొక్కి, పెదవి కొరుక్కుంది. మెత్తగా ఉంటుందని ఒక తువాలు మడతపెట్టి సీటు మీద వేసుకుని కూర్చుంది జెస్సికా.

"ఇంగెంత దూరమక్కా?"

"వచ్చె. ఓర్చుకో."

"ఆ యమ్మ టక్ అనిపిస్తే పోతాదంటావా?"

"పోతాది."

"నువ్వు తొక్కినప్పుడూ పోతాదనే అంటివి." లూదియా ముఖం చూసి జెస్సికా నవ్వబోయింది. "ఊరికే అన్నాలేక్కా. నీ మరిదికి చెప్పల్యా, చెప్పను. చర్చిలో తెలిస్తే నీకు బాగుండదు గదా."

ఆమె ఒక్క తిట్టు తిట్టి ఉంటే లూదియాకు హాయిగా ఉండేది. ఈ దయ భరించడం కష్టంగా ఉంది.

నంద్యాలలో ఆటో దిగి క్లినిక్ మెట్లు ఎక్కేటప్పుడు జెస్సికా ఎడమకాలి బొటనవేలు ప్రతి మెట్టుకూ తగిలింది. ఆమె కాలు ఎత్తుతోంది, పాదం మాత్రం ఎత్తినట్టు లేవడం లేదు. జయప్రకాష్ రెక్క పట్టుకున్నాడు. అతనికి ఆ ఊళ్ళో విత్తనాల దుకాణంలో పని. సెలవు అడిగితే యజమాని ముఖం ముడుచుకున్నాడట, అయినా వచ్చాడు.

లోపల కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. తలుపు అవతల నుంచి ఉండుండి 'టక్' మని శబ్దం, వెంటనే ఎవరిదో 'హమ్మయ్య'. ఒక పెద్దాయన మెడ నిమురుకుంటూ బయటికి వచ్చి, చెప్పులు వేసుకోవడానికి వీళ్ళ పక్కన కూర్చున్నాడు. పాణ్యం నుంచి వస్తాడట, పేరు సంజీవయ్య.

"భయపడాకు పాపా" అన్నాడు జెస్సికాతో. "నాకు ఎండాకాలం నుంచి మెడ తిరక్కపాయ. పక్కన మా ఇంటామె కూచుంటే మొగం చూసేకి మనిషంతా తిరగాల. ఇప్పుడు చూడు." అటూ ఇటూ తిప్పి చూపించాడు.

"మంచిదేగదా పెద్దాయనా" అంది లూదియా.

"ఏం మంచి! ఇన్నాళ్ళూ మెడ తిరగదు, చూల్యా అని తప్పించుకుంటాంటి. ఇంగ కుదరదు."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. జయప్రకాష్ అందరికంటే గట్టిగా నవ్వాడు. చాలా రోజుల తర్వాత అతని ముఖం విప్పారింది. "ఇన్నావా వదినా? నీ మాట ఇనడం మంచిదాయె. ఆ స్కానింగ్ అని పోయింటే ఈపాటికి కోసి పండబెట్టింటారు" అన్నాడు.

లూదియా తల ఊపింది. నీళ్ళ సీసా మూత బిగించి ఉన్నదాన్నే మళ్ళీ బిగించింది.

డాక్టరమ్మ పేరు ముబశ్శిరా. ముప్పై ఐదు దాటి ఉండవు. తలకు చుట్టిన గుడ్డ, మోచేతులదాకా మడిచిన అంగీ చేతులు, ఎదుటి మనిషి మాట్లాడుతుంటే కళ్ళలోకే చూసే చూపు. జెస్సికాను కూర్చోబెట్టి మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టింది, మడమ వెనక కొట్టింది. కుడికాలు ఎగిరింది. ఎడమ మడమ దగ్గర ఏమీ ఎగరలేదు. మళ్ళీ కొట్టి చూసింది. మడమల మీద నడవమంటే జెస్సికా నడవలేకపోయింది.

"యాడన్నా పడినారా?"

"ల్యా మేడమ్. ట్రంకుపెట్టె దించబోతే పట్టేసింది."

"తర్వాత ఎవరితోనన్నా పట్టించినారా, తొక్కించినారా, కట్టు కట్టించినారా? మన పక్క చానామంది అవన్నీ అయినాకే నా దగ్గరికొస్తారు. అందుకే అడుగుతాండా."

"ల్యా" అంది జెస్సికా. ప్రశ్న ఇంకా పూర్తికాకముందే అంది.

"ఒంటికి, దొడ్డికి పోయేదాంట్లో ఏమన్నా తేడా ఉందా? కూచునే చోట మొద్దుబారినట్టుందా?"

జెస్సికా భర్త వైపు ఒకసారి చూసి తల వంచుకుంది. "ఏం ల్యా."

"చూడండమ్మా, నా పనంతా మీరు చెప్పే మాట మీదే. నా చేతులకు కండ్లు లేవు" అంది డాక్టరమ్మ. ఆమెకు పూర్తిగా నమ్మకం కలిగినట్టు లేదు. "నరం బలహీనంగా ఉంది. ఈ పొద్దు నడుము తిప్పను. ముందు పడుకోండి, వెన్ను చూస్తా. తర్వాత ఏం చేయాలో, అసలు చేయాలో వద్దో చెప్తా."

బల్లకు తల దగ్గర ముఖం పెట్టుకునే కంత ఉంది. జెస్సికా బోర్లా పడుకుని అందులో ముఖం ఆనించింది. డాక్టరమ్మ జాకెట్టు రవ్వంత పైకి జరిపింది. సన్నని వీపు, మధ్యలో లోతైన గాడి. చేతులు రెండు పక్కలా వదిలేసి, చెప్పినట్టు వినే చిన్నపిల్లలా పడుకుంది.

ఆ ఆదివారమూ ఇలాగే పడుకుంది. ఇలాగే వదిలేసింది చేతులు. ఆ గాడికి అటొక పాదం, ఇటొక పాదం పెట్టింది లూదియా. 'అబ్బా' అని జెస్సికా అన్నప్పుడు దిగిందా? దిగలేదు. ఆ 'అబ్బా' వినాలని ఉండింది ఆమెకు. కన్నది నేను గదా అన్న నోటితోనే వినాలని ఉండింది.

డాక్టరమ్మ రెండు అరచేతులూ రుద్దుకుని వీపు మీద ఆనించబోయింది.

"చేయి పెట్టాకు డాక్టరమ్మా!"

లూదియా గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. జయప్రకాష్ ఉలిక్కిపడ్డాడు. "ఏందీ వదినా?"

"నువ్వు రవ్వంత బయటికి పో నాయనా."

"ఎందుకు?"

"ఆడోళ్ళ మాట. పొమ్మంటే పో."

అతను డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. తలుపు మూసుకున్నాక లూదియా గోడకు ఆనుకుంది.

"నేను తొక్కినా. మూడు వారాల కింద. నేను ఎదురుకాళ్ళ దాన్ని. కాలు రాయడం కాదు, రెండు కాళ్ళూ పెట్టి ఎక్కినా."

"నేనే ఎక్కమంటి" అని కంతలోంచి జెస్సికా గొంతు వచ్చింది.

"నువ్వు ఊరకుండు. ఇంగోటి ఉంది. ఈ పిల్ల నాలుగైదు దినాలుగా మిట్టమధ్యాన్నం లంగాలు ఉతుక్కుంటాంది. ముట్టేమో అనుకుంటి. కాదని నాకు తెలుస్తానే ఉంది, అయినా అదే అనుకుంటి. బస్సులో తువాలు పరుచుకుని కూచునింది. అడగల్యా. అడిగితే చెప్తాదని భయం."

కంతలోంచి ఏడుపు మొదలైంది. సన్నగా, ఆపుకోబోయి ఆపుకోలేక.

"ఒంటికి పోయేది తెలీడం ల్యాక్కా. తడిసినాక చూసుకుంటాండా. ఆయప్పతో ఎట్ల చెప్పేది? బడిలో పిల్లోల్ల ముందర కూచోలేక సెలవు పెడ్తి."

డాక్టరమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. చిన్న సూది తెచ్చి, దుప్పటి కప్పి, పిరుదుల దగ్గర, తొడల లోపలివైపు గుచ్చి గుచ్చి అడిగింది. చాలాచోట్ల జెస్సికా జవాబు చెప్పలేదు. గుచ్చినట్టే ఆమెకు తెలియలేదు.

"నేను ఈమెను ముట్టుకోను" అంది డాక్టరమ్మ. ఆమె ముఖంలో రంగు మారింది. "ఇది నా పని కాదు. నాకేకాదు, ఎవరి చేతికీ లొంగే పని కాదు. వెన్ను కింద నరాల గుత్తి మొత్తం నొక్కుకుపోతాంది. స్కానింగ్ ఈ గంటలోనే తీయాల. నేననుకున్నదే అయితే ఆపరేషన్ ఈ పొద్దే కావాల."

"నేను తొక్కినందుకేనా?"

"చెప్పలేనమ్మా. పెట్టె దించినప్పుడే డిస్కు జారిందో, తర్వాతనో, ఎవరూ చెప్పలేరు. ఇప్పుడది కాదు ముఖ్యం."

డాక్టరమ్మకు ముఖ్యం కాకపోవచ్చు. లూదియాకు ఇంకోటి తెలిసిపోయింది. తొక్కిన సంగతి ఎవరూ తేల్చలేరు, సరే. స్కానింగ్ ఆపిందెవరో తేల్చడానికి ఏ ఫొటో అక్కర్లేదు. ఎముకల డాక్టరు చెప్పిన నాడే తీయించి ఉంటే, లంగా ఒక్కసారి కూడా తడవకముందే తెలిసి ఉండేది.

జయప్రకాష్‌ను లోపలికి పిలిచి డాక్టరమ్మే చెప్పింది. దాచకుండా, మెత్తగా, రెండోసారి అడగాల్సిన పని లేకుండా చెప్పింది. అతను విన్నాడు. విని, అన్నిటికంటే చిన్న మాట పట్టుకున్నాడు.

"తొక్కినారా? ఎవరు తొక్కింది?"

"నేనే జయా" అంది లూదియా.

"యా పొద్దు?"

"మీరంతా చర్చికి పోయినప్పుడు."

అతను లెక్క కట్టుకుంటున్నట్టు కళ్ళు చికిలించాడు. "ఆ ఆదివారమా? పాపను తీస్కపోతామని చెప్పినందుకు మీ ఇద్దరూ అరుచుకున్నారని జెస్సికా చెప్పింది ఆ పొద్దే గదా?"

"ఊఁ."

"అరుచుకునేకి ముందరా, తర్వాతా?"

ముందర అనవచ్చు. జెస్సికా కూడా కాదనదు. బస్సులో మాట ఇచ్చిన పిల్ల, ఇప్పుడూ కాదనదు.

"తర్వాత" అంది లూదియా.

జయప్రకాష్ గుండ్రటి స్టూలు మీద కూలబడ్డాడు. అరవలేదు. అతను అరిచే మనిషి కాదు. చిన్నప్పుడు అన్న దావీదు పెళ్ళి చేసుకుని వచ్చిన రోజునుంచీ వదిన చేతి అన్నం తిని పెరిగినవాడు. "అందుకేనా వదినా, స్కానింగ్ వద్దంటివి?" అన్నాడు.

లూదియా తల ఊపింది. తొక్కినందుకు అతను తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. ఇందాక కుర్చీలో కూర్చుని నీ మాట ఇనడం మంచిదాయె అన్నాడే, ఆ మాటను ఇప్పుడు అతను తన నోట్లోంచే వెనక్కి తీసుకుంటున్నట్టు చూశాడు.

"ఆమెను ఒక్క మాట అంటే మల్ల నాతో మాట్లాడాకు" అంది జెస్సికా. పక్కకు తిరిగి పడుకుని, ఏడ్చి ఉబ్బిన ముఖంతో. "ఎక్కమన్నది నేను. చెప్పొద్దన్నది నేను. తడుస్తాంటే దాచుకున్నది నేను. పెండ్లామే గదా, దగ్గరికొచ్చి ఎట్లుందే అని ఒక్కనాడన్నా అడిగితివా? టక్ అంటే పోతాది, టక్ అంటే పోతాది అని ఫోను చూసుకుంటాంటివి."

జయప్రకాష్ తల వంచుకున్నాడు. తర్వాత లేచి డాక్టరమ్మ ముందు నిలబడి చేతులు జోడించాడు. "మేడమ్, ఒక్కసారి మీరు చేసి చూడండి. ఏమన్నా అయితే నాదే పూచీ. సంతకం పెడ్తా."

"నువ్వు పెట్టినా నేను చెయ్యనప్పా."

"మా నాయన నడిచిపోయినాడు మేడమ్. ఆస్పత్రికి నడిచిపోయి, మంచం మీద వచ్చినాడు."

"మీ నాయనకు ఏమైందో నాకు తెలీదు. ఈమెకు మాత్రం ఆలస్యం చేస్తే ఒంటికి, దొడ్డికి పోయేదాని మీద పట్టు మళ్ళీ రాకపోవచ్చు. కాలు కూడా. చేస్తే అంతా వస్తాదని కూడా నేను మాటియ్యలేను. చెయ్యకపోతే రాదని మాత్రం చెప్తాండా." ఆమె ఫోను తీసి కర్నూలు డాక్టరెవరికో చేయడం మొదలుపెట్టింది. దారిలోనే స్కానింగ్ అని, తొందరగా బయల్దేరండి అని, మధ్యమధ్య వీళ్ళతో అంటోంది.

జయప్రకాష్ కదల్లేదు. "ఆపరేషన్ అంటే నా వల్ల కాదు" అన్నాడు గోడతో చెప్పినట్టు.

"అక్కా" అంది జెస్సికా. "నువ్వు చెప్పు."

"నేనా?"

"మామకు చేసింది నువ్వే గదా. మంచం మీద మనిషి ఎట్లుంటాడో మన ఇంట్లో నీకే ఎరుక. నువ్వు పోదామంటే పోతా. వద్దంటే ఇంటికే పోదాం."

లూదియాకు మామ పుండ్లు గుర్తొచ్చాయి, పక్క మార్చేటప్పుడు ఆయన సిగ్గుతో కళ్ళు మూసుకోవడం గుర్తొచ్చింది. జెస్సికాను ఆ మంచం మీద ఊహించుకుంది. అప్పుడు పిలవకుండానే ఒక ఆలోచన వచ్చి కూర్చుంది: ఈ పిల్ల మంచాన పడితే ప్రవళిక యాడికీ పోదు. ఆళ్లగడ్డలోనే ఉంటుంది. తన దగ్గరే.

ప్రభువా, ఇది నాది కాదు, అనుకుంది. కానీ తన తలలోనే ఉంది. ఎవరో తెచ్చి పెట్టింది కాదు. ఆ రోజు పాదాల్లోంచి దిగిన బరువులో ఎంత కోపముందో ఇన్నాళ్ళూ తేలలేదు. ఇప్పుడు తేలినట్టే ఉంది. ఇంత చెడ్డ మనిషిని పట్టుకుని ఈ పిల్ల నువ్వు చెప్పు అంటోంది.

"కర్నూలు పోదాం" అంది లూదియా. "ఇప్పుడే. జయా, పోయి కారు మాట్లాడు. మల్ల నన్ను ఏమనాలన్నా అందువు. జీవితమంతా అను. ఇప్పుడు మాత్రం పో."

అతను ఆమె వైపు చూడకుండానే బయటికి పోయాడు. మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు గబగబా దిగిపోయింది.

డాక్టరమ్మ, లూదియా చెరో రెక్కా పట్టి జెస్సికాను మెల్లగా లేపి బల్ల అంచున కూర్చోబెట్టారు. కాళ్ళు రెండూ కిందికి వేలాడాయి. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాయడానికి పక్కకు పోయింది. లూదియా వంగి, బల్ల కిందికి జరిపి ఉన్న చెప్పులు తీసుకుని నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక పాదం చేతిలోకి తీసుకుని చెప్పు తొడిగి, వెనక పట్టీ లాగి బిగించింది.

జెస్సికా వంగలేదు, కిందికి చూడలేదు. ఎదురుగా గోడ మీది గడియారం చూస్తూ ఉంది.

"చెప్పులు తొడగవేమక్కా? కారు వస్తాదేమో."

"తొడుగుతాండా గదా. ఒకటి అయిపాయె."

"యాడ తొడిగితివి?" జెస్సికా నుదురు ముడుచుకుంది. "నాకేం తెలీడం ల్యే."

ఆ కాలు మొద్దుబారింది కదమ్మా, తెలియదులే అనబోయింది లూదియా. అనబోయి, తన చేతిలో ఉన్న పాదం వైపు చూసింది.

అది ఎడమకాలు కాదు. కుడికాలు. ఇందాక సుత్తి దెబ్బకు ఎగిరిన కాలు. ఈ మూడు వారాల్లో ఒక్కనాడు కూడా నొప్పి ఎరగని కాలు.